గరుసు దారి... సైకిలు సవారి!

తారు రోడ్డు వదిలేసి రాళ్ల దారిలో సైకిలు తొక్కడం ఇప్పుడు ఎన్నో దేశాల్లో పెద్ద సరదా. వేల్స్ కొండల్లో అందుకోసమే పటాలు పట్టుకుని తిరుగుతారు. అలాంటి దారులు ఆదోని, ఎమ్మిగనూరు చుట్టూ ఎన్నో. కాకపోతే నేల రంగు చూసి దిగాలంతే!

నున్నటి తారు రోడ్డు ఉంటుంది. దాని మీద తొక్కరు. లక్ష రూపాయలకు పైగా పోసి కొన్న సైకిలుతో పక్కనున్న కంకర దారిలోకి దిగిపోతారు. ఒళ్లంతా దుమ్ము, అరచేతులు జివ్వుజివ్వు... నాలుగు గంటల తర్వాత ఇంటికొచ్చి 'అబ్బ, ఎంత బాగుందో' అంటారు! ఈ ముచ్చటకి పాశ్చాత్యులు పెట్టుకున్న పేరు గ్రావెల్ బైకింగ్. గ్రావెల్ అంటే మరేదో కాదు, మన గరుసే.

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఎంపోరియా అని ఓ చిన్న ఊరు. అక్కడ 2006లో కొద్దిమందితో 320 కిలోమీటర్ల పోటీ ఒకటి మొదలైంది. 'అన్‌బౌండ్ గ్రావెల్' పేరుతో ఇప్పుడది వేలమంది వచ్చే జాతర. 2022లో ఇటలీలో ఈ ఆటకి తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా పెట్టారు. పోటీల సంగతి అలా ఉంచితే, ఊరికే తిరగడానికి ఇష్టపడేవాళ్లు చెప్పుకునే చోట్లలో వేల్స్ ఒకటి. బ్రిటన్‌కి పడమటి వైపున ఉండే ఈ బుల్లి దేశం విస్తీర్ణం దాదాపు 20,700 చదరపు కిలోమీటర్లు. విడిపోకముందు మన కర్నూలు జిల్లా 17,600 పైచిలుకు. అంటే మన జిల్లాకి కాస్త పెద్దన్న అనుకోవచ్చు.

ఆ వేల్స్‌లో ఎలాన్ లోయ అని ఉంది. బర్మింగ్‌హామ్ నగరానికి తాగునీళ్ల కోసం 1893లో అక్కడ ఆనకట్టలు కట్టడం మొదలుపెట్టారు. రాళ్లూ సామానూ మోయడానికి కొండల్లోకి రైలు పట్టాలు వేశారు. 1904లో నీళ్లు వదిలారు. మోటారు అవసరం లేకుండా వాలు మీదే 118 కిలోమీటర్లు పారి నగరం చేరతాయవి. పని అయిపోయాక పట్టాలు పీకేశారు. మిగిలిన కట్ట ఇవాళ సైకిలు బాట అయింది. నీళ్ల కోసం వేసిన దారి సైకిళ్లకి ఉపయోగపడటమన్నమాట. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మన దగ్గరా ఇలాంటిదే ఒకటుంది.

పాలాయన సైకిలే!

ముందు సైకిలు సంగతి. గ్రావెల్ సైకిలు ప్రత్యేకత టైరులో ఉంది. పందెం సైకిళ్ల టైరు సన్నగా 25, 28 మిల్లీమీటర్లు ఉంటుంది. గరుసులో అది జారిపోతుంది. కొండలెక్కే మౌంటెన్ బైకు టైరేమో మరీ లావు, తొక్కుతుంటే బరువు. రెండింటికీ మధ్యలో సుమారు 40 మిల్లీమీటర్ల టైరు ఎంచుకున్నారు గ్రావెల్ వాళ్లు.

ఇప్పుడు మీ ఊళ్లో పాలాయన సైకిలు టైరు పక్కన ఏం రాసుందో చూడండి. 28 ఇంటూ ఒకటిన్నర అని ఉంటుంది. ఆ ఒకటిన్నర అంగుళాన్ని మిల్లీమీటర్లలోకి మారిస్తే 38, 40 మధ్య తేలుతుంది! అవును... వాళ్లు కొత్తగా కనిపెట్టామనుకున్న కొలత మన హెర్క్యులస్‌లకీ అట్లాస్‌లకీ మొదటినుంచీ ఉన్నదే. ఎందుకంటే ఆ సైకిళ్లు పుట్టిందే తారు లేని రోడ్ల కోసం. వెనక క్యాంను కట్టినా, గడ్డిమోపు వేసినా, ముందు కడ్డీ మీద పిల్లవాణ్ని కూర్చోబెట్టినా అదే టైరు మోసింది. అన్నట్టు, అట్లాస్ కంపెనీ సాహిబాబాద్‌లోని కర్మాగారాన్ని మూసేసింది 2020 జూన్ 3న. ఆ రోజు ప్రపంచ సైకిలు దినోత్సవం కావడం కాకతాళీయమే అయినా... మనసు చివుక్కుమంటుంది.

అలాగని రెండూ ఒకటేనని చెప్పడానికి లేదు. పాత సైకిలు బరువు 20 కిలోలు, గ్రావెల్‌ది పది, పన్నెండు. దానికి గేర్లుంటాయి, దీనికి తొక్కేవాడి మోకాళ్లే గేర్లు. అసలు తేడా బ్రేకుల దగ్గర. ఇనుప కడ్డీ బ్రేకులు గరుసు వాలులో ఆగమంటే ఆగవు. కాబట్టి పాత సైకిలుతో బయల్దేరేవాళ్లు ఎక్కుడు గురించి భయపడక్కర్లేదు, దిగి తోసుకుపోవచ్చు. జాగ్రత్తంతా దిగుడులోనే.

ఎరుపా... నలుపా?

వేల్స్‌లో దారి ఎంచుకోవాలంటే ముందు వాన చూసుకుంటారు. ఆదోని ప్రాంతంలో చూడాల్సింది నేల. ఇక్కడ రెండు నేలలు పక్కపక్కనే కాపురం చేస్తుంటాయి. గుట్టల చుట్టూ ఎర్ర గరుసు, గుట్టలు దాటి మైదానంలోకి దిగితే నల్లరేగడి.

ఈ గుట్టలన్నీ గ్రానైటు జాతి రాళ్లు. వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. పగలు ఎండకి కాగి, రాత్రి చలికి కుంచించుకుపోయి, వానకి నాని పైపొర గింజలు గింజలుగా రాలుతుంది. ఆ గింజలే గరుసు. గుట్ట పాదం దగ్గర పరుచుకున్న ఈ గరుసులో నీళ్లు నిలవవు. వాన వెలిసిన రెండు గంటలకే చక్రం సాఫీగా పోతుంది. పైగా గింజ పదునుగా ఉండటం వల్ల ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడుతుంది. సైకిలు తొక్కేవాడికి ఇంతకంటే మంచి నేల దొరకదు.

రేగడి కథ వేరు. పత్తికి బంగారం లాంటి నేల. ఆదోనికి 'రెండో బొంబాయి' అని పేరొచ్చిందీ, పత్తి మార్కెట్టు ఇంతగా పెరిగిందీ ఆ నేల చలవే. కానీ తడిసిందంటే ఉబ్బి జిగురు ముద్దవుతుంది. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య పేరుకుపోయి సైకిలు పది గజాలు కదలదు. పల్లెల్లో చాలామంది వానాకాలం రాగానే మడ్‌గార్డు విప్పి పక్కన పెట్టేసేది అందుకే. పోనీ ఎండాకాలం తొక్కుదామా అంటే ఈ నేల నిలువునా బీటలు వేస్తుంది. సన్నటి టైరు అందులో దిగబడిందా, బోర్లాపడటమే. 'అట్లా పోవద్దన్నా, రేగడి ఉంది' అని చేలో మనిషి ఎవరైనా కేకేస్తే మారు మాట్లాడకుండా వెనక్కి తిప్పండి. సెల్‌ఫోన్‌లో పటం ఏం చెప్పినా సరే! పటానికి దారి తెలుసు కానీ నేల తెలియదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా ఈ దారులకు మంచి కాలం. మార్చి దాటితే ఉదయం తొమ్మిదికే రాయి వేడెక్కుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ ఆలోచనే వద్దు.

కాలువ గట్టు మీద

ఎలాన్ లోయ గుర్తుందిగా... దానికి మన జవాబు తుంగభద్ర దిగువ కాలువ. హోస్పేట దగ్గర తుంగభద్ర ఆనకట్ట పని 1945లో మొదలైంది, 1953లో నీళ్లు వదిలారు. అక్కణ్నుంచి బళ్లారి జిల్లా మీదుగా వచ్చి హాలహర్వి, హొళగుంద, కౌతాళం, పెద్దకడబూరు, ఎమ్మిగనూరు ప్రాంతాల మీదుగా కర్నూలు వైపు సాగిపోతుందీ కాలువ. కాలువ అంటే నీళ్లొక్కటే కాదు, పక్కనే గట్టు. గట్టు మీద నీటిపారుదల శాఖ జీపులు తిరగడానికి వేసిన గరుసు దారి.

కాలువ గట్టులో ఓ గొప్ప సుఖముంది. నీరు వాలునే పారాలి కాబట్టి కాలువ ఎప్పుడూ కొండని ఎక్కదు. గుట్ట అడ్డొస్తే చుట్టి వస్తుంది. వంక అడ్డొస్తే పైనుంచి తొట్టి కట్టి దాటిస్తారు. కంటికి ఆననంత వాలు. అంటే పిల్లలతో, పెద్దవాళ్లతో కలిసి వెళ్లినా ఎవరికీ ఆయాసం రాదు. ఓ పక్క నీళ్లూ వరిమళ్లూ, మరో పక్క బండరాళ్ల గుట్టలూ. దిగువ గట్టు వైపు పచ్చదనం, ఎగువ వైపు బీడు... నీళ్లు అందిన నేలకీ అందని నేలకీ తేడా ఒక్క గట్టు వెడల్పే. ఇంత సూటిగా ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పలేదు.

కాకపోతే రెండు మాటలు. ఈ దారి కాలువ కాపలాకి వేసింది, విహారానికి కాదు. లష్కర్లు కనిపిస్తే ఆగి ఓ మాట చెప్పి వెళ్లడం మర్యాద. ఎక్కడ గట్టు తెగిందో, ఎక్కడ గండి పూడ్చారో వాళ్లకి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. రెండోది, నీళ్లు చూసి ముచ్చటపడి దిగొద్దు. సిమెంటు పూసిన వాలులో పాచి ఉంటుంది, లోపలికి జారితే పట్టు దొరకదు.

కోటకి సైకిలెక్కదు!

గట్టు విసుగనిపించేవాళ్లు ఆదోని కోట వైపు వెళ్లొచ్చు. ఐదు కొండల మీద గుండ్రంగా అల్లుకున్న కోట ఇది. బారాఖిల్లా, తాలీబండ అనే రెండు కొండలు చుట్టుపక్కల నేలకంటే 800 అడుగుల ఎత్తు. విజయనగరం వాళ్లు, బిజాపూరు సుల్తాన్లు, మొఘలులు, నిజాం వంశస్థులు... అందరి కళ్లూ దీని మీదే. 1786లో టిప్పు సుల్తాన్ నెలరోజులు చుట్టుముట్టి గానీ పట్టుకోలేకపోయాడు. 1800లో నిజాం దీన్నీ చుట్టుపక్కల జిల్లాల్నీ ఇంగ్లిషువాళ్లకి రాసిచ్చేశాడు. సీడెడ్ అనే పేరు అలా వచ్చిందే.

టిప్పుకే నెల పట్టిన చోట సైకిలు ఎక్కుతుందనుకోవడం అత్యాశ. కొండ కింద దాన్ని తాళం వేసి, కాలినడకన పోవాల్సిందే. సైకిలు సవారీ అంతా కొండ పాదం చుట్టూ. తెల్లారగట్ల బయల్దేరితే రణమండల కొండ మీద ఆంజనేయస్వామి గుడి గంటలు వినిపిస్తుంటాయి. తిరిగి ఊళ్లోకి వచ్చేసరికి ఉగ్గాని, బజ్జీ వేడివేడిగా తయారు. పది కిలోమీటర్లు తొక్కినవాడికి ఉగ్గాని రుచి ఇంకోలా ఉంటుందని వేరే చెప్పాలా! ఊళ్లో దారి అడిగితే తెలుగు, కన్నడం, ఉర్దూ... మూడింట్లో ఏదో ఒక భాషలో జవాబొస్తుంది. 1953 దాకా ఈ ఊరు బళ్లారి జిల్లాలోది మరి.

ఇంకాస్త కాలి సత్తువ ఉన్నవాళ్లకి ఉత్తరంగా కోసిగి. రైలు పట్టాల వెంబడే పోతుంటే ఊరికి దక్షిణాన రెండు రాతి స్తంభాలు కనిపిస్తాయి. బండ మీద బండ పేర్చినట్టుండే వీటిని 'అక్కచెల్లెళ్లు' అంటారు. రైల్లో వెళ్లేవాళ్లకి రెప్పపాటులో దాటిపోతాయి. సైకిలు మీదయితే అరగంట సేపు అవి దగ్గరవుతూనే ఉంటాయి. పడమట హొళగుంద దాటితే దేవరగట్టు. దసరా రాత్రి కర్రల సమరంతో పేపర్లకెక్కే కొండ ఇదే. ఆ ఒక్క రాత్రి తప్ప మిగతా ఏడాదంతా అక్కడ గాలి చప్పుడే.

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకి తారు రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్లు. లారీల వెంట ఆ రోడ్డున పోవడంలో అందమేం లేదు. పెద్దకడబూరు వైపు పల్లె దారులు పట్టుకుంటే దూరం పెరుగుతుంది, ప్రయాణం మారుతుంది. ఎమ్మిగనూరు చేరాక సైకిలు దిగి నేతగాళ్ల వీధుల్లోకి నడవండి. మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం ఈ ఊరి దుప్పట్లని దేశమంతా పంపింది. 1954లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. పుష్య పౌర్ణమికి నీలకంఠేశ్వరుడి రథం కదిలే రోజుల్లో వెళ్తే పల్లెల నుంచి జాతరకొచ్చే జనంతో ఈ మట్టి దారులన్నీ నిండిపోతాయి. బహుశా వీటిని చూడాల్సింది అప్పుడే.

డొంక ఎక్కడికి పోయింది?

ఇంత చెప్పాక ఓ చేదు నిజమూ చెప్పాలి. ఈ దారుల్లో చాలావాటిని పదేళ్ల తర్వాత వెతికితే దొరుకుతాయన్న నమ్మకం లేదు.

ఊరికీ ఊరికీ మధ్య ఎడ్లబండి పోయే దారిని డొంక అంటాం. రెవెన్యూ పటాల్లో గీతలు గీసి, రస్తా పోరంబోకు అని రాసి ఉంటుంది. బండ్లు ఉన్నన్నాళ్లూ దారి ఉంది. ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక పెద్ద దారులు మిగిలాయి, చిన్నవి మరుగున పడ్డాయి. అటు పక్క చేనాయన ఏడాదికో సాలు, ఇటు పక్క చేనాయన మరో సాలు లోపలికి దున్నుతారు. మిగిలిన నడిమి భాగాన్ని సర్కారు తుమ్మ మూసేస్తుంది. కొన్నిచోట్ల కొండే ఉండటం లేదు, క్వారీ లారీలకి దారి పెద్దదవుతుంది కానీ మనుషులు నడవడానికి వీలుండదు.

వేల్స్ ఈ చిక్కుని కాగితం మీద తేల్చుకుంది. 1949లో వచ్చిన చట్టం ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో జనం నడిచే దారులన్నీ అధికారిక పటానికెక్కాలి. పటంలో దారి ఉంటే, చుట్టూ పొలం ఎవరిదైనా, నడిచే హక్కు అందరిదీ. 1968లో మరో చట్టం గుర్రపు దారుల్లో సైకిళ్లనీ పోనిచ్చింది. అక్కడి కుర్రాళ్లు ఇవాళ ధైర్యంగా కొండల్లో తిరుగుతున్నారంటే ఆ పటాల పుణ్యమే. పటాలు మనకీ ఉన్నాయి. లేనిదల్లా వాటిని తీసి చూసే అలవాటు. రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లతో గట్లు కొలిచారు. మన చేను కొలతలు సరిగ్గా వచ్చాయా అని చూసుకున్నంత శ్రద్ధగా ఊరి డొంక కొలత ఎంతమంది చూశారు?

డొంక పోతే నష్టపోయేది ఆదివారం సరదాగా వచ్చే సైకిలిస్టు కాదు. అతనికి ఇంకో దారి దొరుకుతుంది. పక్క ఊళ్లో హైస్కూలుకి పోయే ఎనిమిదో తరగతి పిల్లకి ఇంకో దారంటే తారు రోడ్డు. రెట్టింపు దూరం, లారీల మధ్య. కొన్నేళ్ల కిందట ప్రభుత్వం 'బడికొస్తా' పేరుతో హైస్కూలు అమ్మాయిలకి సైకిళ్లు ఇచ్చింది. సైకిలు ఇస్తే సరా, తొక్కడానికి దారి వద్దూ?

ఈ ప్రాంతంలో ఆ పిల్లల చదువుకి ఇంకో గండమూ ఉంది. సైకిలు సవారీకి హాయిగా ఉండే ఆ చలికాలమే ఇక్కడ వలసల కాలం. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల్లో దీపావళి దాటాక పత్తి తీతకీ, మిరప కోతకీ గుంటూరు వైపో తెలంగాణకో కుటుంబాలకు కుటుంబాలే తరలిపోతాయి. ముసలివాళ్లు, మేకలు, తాళాలు వేసిన తలుపులు... దారి పొడుగునా కనిపించేవి ఇవే. అలాంటి ఊరు దాటేటప్పుడు ఫొటోలకి ఎగబడకుండా, అరుగు మీద ఉన్న పెద్దాయన్ని పలకరించి మంచినీళ్లడిగి వెళ్లడం మేలు. ఎవరి పిల్లలు ఎక్కడికి పోయారో ఆయనే చెబుతాడు.

పల్లేరు... అమెరికా దాకా!

ఇక బయల్దేరేవాళ్లకి ముఖ్యమైన హెచ్చరిక ముళ్ల గురించి. సర్కారు తుమ్మ ముల్లు లారీ టైరుకే దిగుతుంది, సైకిలు ఓ లెక్కా. దానికన్నా మోసకారి పల్లేరుకాయ. ఎటు పడినా ఓ ముల్లు పైకి నిలబడేలా ఉంటుంది దాని తయారీ. ఆయుర్వేదంలో గోక్షురం పేరుతో మందయ్యే ఈ మొక్క ఎలాగో సముద్రాలు దాటి అమెరికా చేరి అక్కడి సైకిలు వాళ్ల పాలిట శనిలా దాపురించింది. ఐడహో రాష్ట్రంలోని బోయిసీ నగరంలో అయితే సైకిలు ప్రియులు పల్లేరు పేరుతోనే పండగ చేసుకుంటారు. ముందుగా ఊరంతా తిరిగి మొక్కల్ని పీకి సంచులకెత్తడం అందులో భాగం!

మనవాళ్లు మాత్రం పండగలేం చేయరు, పంపు పెట్టుకుంటారు. స్పేరు ట్యూబు ఒకటి, సొల్యూషన్, నాలుగు ప్యాచీలు, చిన్న పంపు... ఇవి లేకుండా ఊరు దాటొద్దు. టైరులో దిగిన ముల్లు పీకకుండా ట్యూబు మార్చేవాళ్లు మళ్లీ పది నిమిషాలకే దిగాల్సొస్తుంది. టైరు లోపల వేలు పెట్టి మెల్లగా చుట్టూ తడిమి చూడాలి. నీళ్లు మనిషికి కనీసం మూడు లీటర్లు. గుట్టల్లో బోర్లు, కొట్లు ఉండవు. తలకి హెల్మెట్, కళ్లకి అద్దాలు, వాటితోపాటు తువాలు ఒకటి. దుమ్ముకీ ఎండకీ చెమటకీ అన్నిటికీ అదే. ఒంటరిగా కాకుండా ఇద్దరుగా వెళ్లండి. ఎటు పోతున్నారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

ఒక్కరోజు ప్రయాణంగా చేయాలంటే తెల్లారి ఐదున్నరకి ఆదోనిలో మొదలుపెట్టి, పెద్దకడబూరు వైపు కాలువ గట్టూ పల్లె దారులూ పట్టుకుని మంత్రాలయం చేరుకోవచ్చు. రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశం చేసిన చోటు. ఆ పాత మంచాల గ్రామాన్ని ఆయనకి ఇచ్చింది ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ అంటారు. ఆదోని జామియా మసీదు కట్టించిందీ ఈ నవాబే. మఠంలో భోజనం చేసి, తుంగభద్ర ఒడ్డున కాసేపు నడుం వాల్చి, ఎండ తగ్గాక 16 కిలోమీటర్ల దూరంలోని మంత్రాలయం రోడ్ స్టేషన్‌కి తొక్కితే చాలు. 1871లో బొంబాయి, మద్రాసు రైలు దారులు రాయచూరు దగ్గర కలిసినప్పటి లైను ఇది. బ్రేకు వ్యాను ఉన్న బండి చూసుకుని సైకిలుని సామానుగా బుక్ చేస్తే మీతోపాటే ఆదోనిలో దిగుతుంది. బుకింగ్ కాగితం ఒకటి సైకిలుకి కట్టి, రెండోది జేబులో పెట్టుకోండి. అక్కచెల్లెళ్ల గుట్ట ఏ పక్క వస్తుందో ముందే అడిగి తెలుసుకుని ఆ వైపు కిటికీ దగ్గర కూర్చుంటే... పొద్దుగూకే వేళకి మరోసారి కనిపిస్తాయి.